ఆకుపచ్చ ఇడ్లీలు వద్దు, బాక్స్‌టీ పట్టుకెళ్ళండి

మీ ప్రశ్నలు – మా జవాబులు
ఈసారి: ఆఫీసు పాట్‌లక్, ఐరిష్ వంటలు

ప్రశ్న: మాది గన్నవరం వైపు ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు. క్లయింట్లు డబ్లిన్ వాళ్ళు. మార్చి 17న సెయింట్ పాట్రిక్స్ డే అంట, ఆరోజు మధ్యాహ్నం టీమ్‌లో తలా ఒక ఐరిష్ వంటకం చేసుకొచ్చి పాట్‌లక్ పెట్టాలని మా మేనేజర్ గారు మెయిల్ పెట్టారు. మొత్తం పాతిక మందిమి. ఆకుపచ్చ రంగు వేసి ఇడ్లీలు చేద్దామనుకున్నాను, మా అత్తయ్యగారు వినగానే పడీపడీ నవ్వారు. ఇంట్లో ఓవెన్ లేదు, పొద్దున్న ఏడున్నరకల్లా ఆఫీసు బస్సెక్కాలి. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, పటమట

జవాబు: నా ఓటు మీ అత్తయ్యగారికే అమ్మా. రంగు కలిపినంత మాత్రాన ఇడ్లీకి ఐర్లండ్‌తో చుట్టరికం కలవదు. అసలు ఐర్లండ్ వాళ్ళు కొలిచే పునీతుడు పాట్రిక్ గారి రంగు మొదట్లో నీలం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్ వాళ్ళ మీద తిరుగుబాటు ఊపందుకున్నాక ఆకుపచ్చ ఐర్లండ్ రంగుగా స్థిరపడింది. మీకు ఆకుపచ్చ మీద అంత మనసుంటే చీర కట్టుకెళ్ళండి, పిండి జోలికి పోకండి.

వంటకం పేరు వెతికే ముందు క్యాలెండర్ చూసుకోవాలి. 2026 మార్చి 17 మంగళవారం పడింది. ఆంజనేయస్వామి పేరు చెప్పి ఆరోజు నీచు ముట్టనివాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఈస్టర్ ఏప్రిల్ 5న కాబట్టి క్రైస్తవులకి శ్రమల దినాలు నడుస్తుంటాయి, వాళ్ళలోనూ చాలామంది మాంసం మానేస్తారు. రంజాన్ ఉపవాసాలు కూడా అప్పటికి అయిపోవు, ముస్లిం స్నేహితులు మధ్యాహ్నం మీ బల్ల దగ్గరికి వచ్చి నవ్వేసి వెళ్ళిపోతారే తప్ప ముద్ద నోట్లో పెట్టరు. పైగా 19న ఉగాది, సగం మంది మనసు అప్పటికే ఊరి బస్సులో ఉంటుంది. కాబట్టి మీరు చేసేది మాంసం, గుడ్డు, మందు లేనిదై ఉండాలి, పొద్దున్న ఏడింటికి డబ్బాలో పెడితే మధ్యాహ్నం ఒంటిగంటకి కూడా బాగుండాలి, ఉపవాసం ఉన్నవాళ్ళకి సాయంత్రం ఇఫ్తార్‌కి రెండు ముక్కలు మూటగట్టి ఇవ్వడానికి వీలుండాలి. ఇన్ని షరతులు పెడితే ఐరిష్ వంటల్లో ఇంకేం మిగులుతుందని భయపడకండి, మంచిదే మిగిలింది. దాని పేరు బాక్స్‌టీ.

బాక్స్‌టీ అంటే బంగాళాదుంప అట్టు. ఐర్లండ్‌లో లీట్రిమ్, కావన్ జిల్లాల వైపు వంట. సగం దుంపలు ఉడికించి మెదుపుతారు, సగం పచ్చివే తురుముతారు, రెంటినీ మైదా, మజ్జిగ, వంటసోడా, ఉప్పుతో కలిపి పెనం మీద కాలుస్తారు. అంతే. ఏ ఒక్క సరుకు కోసమూ సూపర్ మార్కెట్ల చుట్టూ తిరగక్కర్లేదు, పటమట రైతుబజారు దాటక్కర్లేదు.

మీ పాతిక మందికి కిలోన్నర దుంపలు తీసుకోండి. ముప్పావు కిలో ముందురోజు రాత్రే ఉడికించి, తొక్క తీసి, గడ్డలు లేకుండా మెదిపి ఫ్రిజ్‌లో పెట్టండి. మిగతా ముప్పావు కిలో మాత్రం పొద్దున్నే తురమాలి, ఎందుకంటే పచ్చి దుంప గాలి తగిలితే నల్లబడుతుంది. ఆ తురుముని పలచటి నూలు గుడ్డలో వేసి ఒక గిన్నెలోకి గట్టిగా పిండండి. ఆ నీళ్ళు పారబొయ్యకండి, ఇక్కడే ఉంది కిటుకంతా. పది నిమిషాలు కదపకుండా ఉంచితే పైన గోధుమరంగు నీళ్ళు తేలి, అడుగున సున్నంలా తెల్లటి పిండి గట్టిగా పేరుకుంటుంది. పైనీళ్ళు వంపేసి ఆ తెల్లపిండిని గోకి మళ్ళీ తురుములో కలపండి. అట్టు విరక్కుండా నిలిచేది దానివల్లే. ఇక 350 గ్రాముల మైదా, చెంచాన్నర వంటసోడా, సరిపడా ఉప్పు, రమారమి అర లీటరు పుల్ల మజ్జిగ పోసి ఊతప్పం పిండికన్నా కాస్త గట్టిగా కలుపుకోండి. మజ్జిగ ఒక్కసారిగా కుమ్మరించకండి, దుంపలో ఎంత చెమ్మ ఉందో చూసుకుంటూ పోయండి. సోడా పులుపు తగలగానే పొంగడం మొదలెడుతుంది కాబట్టి కలిపిన వెంటనే కాల్చాలి, నానబెట్టే పని లేదు. అరచేతంత అట్లు, మధ్యస్థం మంట, ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. మంట పెద్దది చేస్తే పైన ఎర్రబడి లోపల పచ్చి దుంప వాసన వస్తుంది. రెండు పెనాలు పెట్టుకుంటే ముప్పైకి పైగా అట్లు గంటలోపే తేలిపోతాయి.

వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత బిగించారో, ఆవిరి పట్టి మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పళ్ళెంలో విడివిడిగా పరిచి ఫ్యాను కింద ఆరనిచ్చి, మధ్యలో బటర్ పేపర్ వేసి సర్దండి. పక్కన నంజుకోవడానికి వెన్నలో ఉల్లికాడలు సన్నగా తరిగి కలిపి ఒక చిన్న డబ్బా, గోంగూర పచ్చడి ఇంకో డబ్బా. గోంగూర ఐరిష్ కాదని ఎవరైనా గొణిగితే గొణగనివ్వండి, ముందు ఖాళీ అయ్యే డబ్బా అదే.

చివరిగా అలంకరణ. ఐర్లండ్ గుర్తు షామ్‌రాక్ అనే మూడాకుల రెమ్మ. ఇంటర్నెట్‌లో దొరికే నాలుగాకుల బొమ్మ అదృష్టం సంగతి, షామ్‌రాక్ కాదు, దాన్ని పెడితే డబ్లిన్ వాళ్ళు వీడియో కాల్‌లో మర్యాదకి నవ్వుతారు. మన మెంతికూర రెమ్మ తీసి చూడండి, ఒక్కో కాడకి సరిగ్గా మూడాకులు. షామ్‌రాక్‌కి అది దగ్గరి చుట్టం కూడా. కట్ట పది రూపాయలో పదిహేనో ఉంటుంది, డబ్బా చుట్టూ గుచ్చేయండి.

ప్రశ్న: మేడమ్, నేను బ్యాచిలర్‌ని, గుంటూరులో రూమ్‌లో ఉంటాను, వంట బాగానే వచ్చు. మా ఆఫీసులోనూ ఇదే గోల. ఐరిష్ స్టూ అని మటన్‌తో చేస్తారట కదా, అది తీసుకెళ్దామని ఉంది. లేదంటే కాల్‌కానన్ అంటున్నారు నెట్‌లో. ఏది బెటర్?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మంగళవారం మటన్ తీసుకెళ్ళి పాతిక మందిలో ఆరుగురి కోసం గిన్నె మోస్తావా నాయనా? స్టూ చెడ్డదని కాదు. మటన్, బంగాళాదుంప, ఉల్లిపాయ, నీళ్ళు, ఉప్పు, మిరియాలు, ఏదో ఒక ఆకు, అంతే ఆ వంట. ముదురు మాంసాన్ని సన్నటి మంట మీద గంటలకొద్దీ ఉడకనిస్తారు, దుంపలు కరిగి పులుసు చిక్కబడుతుంది, అందులో ఒక నెమ్మదైన రుచి ఉంది. కానీ గుంటూరులో కారం లేని మటన్ పులుసు పదిమంది ముందు పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. వాళ్ళు తినకపోయినా పర్లేదుగాని, జాలిపడి పైన కారప్పొడి చల్లుకుంటే చేసినవాడి మనసు కష్టపడుతుంది. ఆదివారం రూమ్‌లో నలుగురు స్నేహితులకి చేసి పెట్టు, కుక్కర్‌లో కాదు, మందపాటి గిన్నెలో.

కాల్‌కానన్ సంగతి వేరు. మెదిపిన దుంపల్లో ఉడికించిన క్యాబేజీ గాని, దాని జాతిదే కేల్ అనే ఆకు గాని, ఉల్లికాడలు, పాలు, బోలెడు వెన్న కలుపుతారు. అందులో ఆకు తీసేసి ఒక్క ఉల్లికాడలతో చేస్తే దాన్ని చాంప్ అంటారు, ఉత్తరాన అల్‌స్టర్ వైపు ఎక్కువ. వేడి దుంప గుట్ట మధ్యలో గుంట చేసి వెన్న వేస్తే అది కరిగి చెరువులా నిలుస్తుంది, అంచుల నుంచి చెంచాతో తీసుకుంటూ ఒక్కో ముద్ద ఆ వెన్నలో ముంచుకుంటూ తింటారు. చదువుతుంటేనే ఆకలేస్తోంది కదా? అదంతా వేడి మీద. పాలు కలిపిన దుంప ముద్దని మార్చి ఎండలో బండి మీద పెట్టుకెళ్ళి ఆరు గంటలు ఉంచితే బిగుసుకుపోతుంది, పైన చెమ్మ కడుతుంది, పులిసే ప్రమాదమూ ఉంది. మీ ఆఫీసులో ఫ్రిజ్, మైక్రోవేవ్ రెండూ ఉంటేనే పెట్టుకో. ఆ పూట చేసి, చల్లార్చి, వెళ్ళగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు పొగలొచ్చేదాకా వేడి చేసి, వెన్న అప్పుడు వెయ్యి. అవి లేకపోతే పై ప్రశ్నలో చెప్పిన బాక్స్‌టీయే నీకూ దిక్కు. మిగిలిన కాల్‌కానన్‌ని ఉండలు చేసి శనగపిండిలో ముంచి బోండాలు వేసుకోవచ్చా అని అడుగుతావని నాకు తెలుసు. సాయంత్రం రూమ్‌లో వేసుకో, అది గుంటూరు వంట అవుతుంది, ఎవరికీ చెప్పకు.

ప్రశ్న: ఐరిష్ సోడా బ్రెడ్ చేద్దామంటే అందరూ ఓవెన్ కావాలంటున్నారు. బేకరీల్లో అడిగితే అలాంటిది లేదన్నారు. వేరే దారి ఉందా?
– ఒక గృహిణి, తాడేపల్లి (పాట్‌లక్ మా వారి ఆఫీసులో, వంట నాది!)

జవాబు: ఆ బ్రాకెట్లో రాసిన ముక్క మీ వారికి కూడా చదివి వినిపించండి.

ఓవెన్ అక్కర్లేదు. సోడా బ్రెడ్ పుట్టిందే ఓవెన్‌లు లేని ఇళ్ళలో. పంతొమ్మిదో శతాబ్దంలో వంటసోడా అందుబాటులోకి వచ్చింది. ఐర్లండ్‌లో పండే గోధుమ మెత్తరకం, ఈస్ట్ వేసి పొంగించే రొట్టెకి అంత బలం చాలదు, అదే సోడాతో పొంగే రొట్టెకి మాత్రం బాగా పనికొస్తుంది. ఇళ్ళల్లో వెన్న తీయగా మిగిలిన మజ్జిగ ఎలాగూ ఉంటుంది, దాని పులుపూ సోడా కలిసి గ్యాస్ పుట్టి పిండి పొంగుతుంది. బాస్టిబుల్ అని బరువైన ఇనప పాత్ర, అందులో పిండి ముద్ద పెట్టి, కింద నిప్పులు, మూత మీద కూడా నిప్పులు. మన అమ్మమ్మలు దిబ్బరొట్టె కాల్చినట్టే.

ఉత్తర ఐర్లండ్ వాళ్ళు ఇంకా సులువు చేశారు. పిండిని వేలు మందాన గుండ్రంగా ఒత్తి, నాలుగు ముక్కలుగా కోసి, పెనం మీదే కాలుస్తారు. ఒక్కో ముక్కని ఫార్ల్ అంటారు. మీరు చెయ్యాల్సింది ఇదే. మైదా పావుకిలో, గోధుమపిండి పావుకిలో, తలగీసిన చెంచా వంటసోడా, చెంచా ఉప్పు బాగా కలిపి జల్లించండి. సోడా ఒకచోట ముద్దగా ఉండిపోతే అక్కడ పసుపు మచ్చ, సబ్బు రుచి వస్తాయి. మనం తాగే పలచటి మజ్జిగ దీనికి చాలదు, కాస్త పులిసిన పెరుగుని కొంచెం నీళ్ళతో గిలక్కొట్టి నాలుగు వందల మిల్లీలీటర్ల దాకా పోయండి. చపాతీ పిండిలా మర్దించకండి, మర్దిస్తే రొట్టె సాగుతుంది. చేతికి అంటుకుంటూ ఉండగానే పొడిపిండి చల్లి రెండు రొట్టెలుగా ఒత్తి, నాలుగేసి ముక్కలు కోసి, నూనె రాయని మందపాటి పెనం మీద కొంచెం పొడిపిండి చల్లి సన్నటి సెగన ఒక్కో వైపు ఎనిమిది, పది నిమిషాలు కాల్చండి. అంచులు కూడా పెనానికి ఆనించి కాల్చాలి, లేకపోతే కోసిన చోట పిండిపిండిగా ఉంటుంది. దించాక పొడిగుడ్డలో చుట్టి పెడితే రొట్టె పైభాగం మెత్తబడుతుంది. ఇది ఆ పూట రొట్టె, మర్నాటికి గట్టిపడిపోతుంది, కాబట్టి రాత్రి చేసి ఉంచుకుందామనుకోకండి. పక్కన ఉప్పు వెన్న చాలు. మామిడికాయ జామ్ ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: మా ఆఫీసు పాట్‌లక్ లిస్టు నేనే రాస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు మంది పేర్లిచ్చారు, పదకొండు మంది బంగాళాదుంపే తెస్తున్నారు. ఏం చెయ్యాలి? ఇంకొకటి, ఐర్లండ్ గురించి రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. బంగాళాదుంపల మీద నాలుగు జోకులతో స్లైడ్లు చేశాను, బాగుంటుందా?
– ఒక హెచ్ఆర్ ఉద్యోగి, విజయవాడ

జవాబు: ముందు ఆ స్లైడ్లు తీసేయండి.

1845లో ఐర్లండ్ దుంప పంటకి తెగులు తగిలింది. కౌలు రైతుల కుటుంబాలు గుప్పెడు నేలలో పండే దుంప మీదే బతికేవి, ఏడాదికేడాది పంట కుళ్ళిపోతూ వచ్చింది. 1852 దాకా నడిచిన ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మందికి పైగా ఓడలెక్కి దేశం వదిలిపోయారు. పొలాల్లో పండిన ధాన్యం మాత్రం ఆ రోజుల్లోనూ ఇంగ్లండుకి ఎగుమతి అవుతూనే ఉంది. అక్కడివాళ్ళకి ఇది పాత కథ కాదు, ఇళ్ళల్లో చెప్పుకునే సంగతి. మన గుంటూరు సీమలో 1832–33లో వచ్చిన డొక్కల కరువు మీద ఎవడో జోకులేస్తూ స్లైడ్ పెడితే మీకు ఎలా ఉంటుంది?

మాట్లాడటానికి వేరే సరుకు బోలెడుంది, అదీ మన దగ్గరే. బీసెంట్ రోడ్డులో బట్టలు కొననివాళ్ళు మీ టీములో ఉండరు కదా, ఆ పేరులోని అనీ బిసెంట్ లండన్‌లో పుట్టినా తల్లివైపు ఐరిష్ సంతతి. ఆవిడ 1916లో మన దేశంలో నడిపిన హోమ్ రూల్ ఉద్యమానికి ఆ పేరూ ఆలోచనా ఐర్లండ్ నుంచే వచ్చాయి. తర్వాత మన రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో లా చదివారు, అక్కడి స్వాతంత్ర్య పోరాటం ఆయన్ని పట్టేసింది. అన్నింటికన్నా నాకు నచ్చేది మదనపల్లె కథ. అక్కడి థియోసాఫికల్ కాలేజీకి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ కవి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బస చేసినప్పుడు జనగణమనని ఇంగ్లీషులోకి మార్చారు, దాని బాణీకి స్వరాలు రాసిపెట్టింది కజిన్స్ గారి భార్య మార్గరెట్, ఆవిడా ఐరిషే. భార్యాభర్తలిద్దరూ శాకాహారులు కూడా. కాబట్టి ఐరిష్ పాట్‌లక్‌లో మాంసం లేదేమిటని ఎవరైనా మూతి ముడిస్తే వీళ్ళ పేరు చెప్పండి.

ఇక లిస్టు. ఇష్టమొచ్చింది తెమ్మంటే అందరూ దుంపే తెస్తారు, తప్పు వాళ్ళది కాదు. మీరే పంచిపెట్టాలి: బాక్స్‌టీ ఇద్దరికి, సోడా ఫార్ల్ ఇద్దరికి, వెన్నలు పచ్చళ్ళు ఒకరికి, వెన్నలో మగ్గించిన క్యాబేజీ మిరియాలు చల్లి ఒకరికి, తీపి ఇద్దరికి. వంట రానివాళ్ళకి పళ్ళాలు, గ్లాసులు, చెత్త సంచులు అప్పజెప్పండి. కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరబెట్టిన గొడ్డు మాంసం), క్యాబేజీ అని నెట్‌లో కనిపించేది అమెరికా వెళ్ళిన ఐరిష్ వాళ్ళు న్యూయార్క్‌లో యూదుల మాంసం కొట్ల నుంచి అలవాటు చేసుకున్నది, ఐర్లండ్‌లో క్యాబేజీ పక్కన వండేది పంది మాంసం. రెండూ మన ఆఫీసు బల్ల మీదికి రావు గనక వదిలేయండి.

తీపికి బార్మ్‌బ్రాక్ అనే కిస్‌మిస్ రొట్టె. పావుకిలో కిస్‌మిస్‌ని పావులీటరు చిక్కటి టీ డికాషన్‌లో, పాలు లేకుండా, రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్నకి ఒక్కో పలుకూ ఉబ్బి టీని తాగేసి ఉంటుంది. అందులోనే బెల్లం పొడి ముప్పావు కప్పు, పావుకిలో మైదా, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, దాల్చినచెక్క, జాజికాయ పొడి, గుడ్డు బదులు నాలుగు చెంచాల పెరుగు కలిపి, నెయ్యి రాసిన గిన్నెలో పోసి, వెయిట్, గాస్కెట్ తీసేసిన కుక్కర్‌లో ఇసుక పోసి సన్నమంట మీద గంట దాకా ఉంచండి. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. ఇది రెండోరోజు ఇంకా బాగుంటుంది కాబట్టి ఆదివారమే చేసి పెట్టుకోవచ్చు. అసలు ఇది అక్టోబరు 31 హాలోవీన్ పండగ రొట్టె, లోపల ఉంగరం దాచి, ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి ఆ ఏడు పెళ్ళి అంటారు. మీరు ఉంగరం దాచకండి, పన్ను విరిగితే హెచ్ఆర్‌కే వస్తారు. మూడు రంగుల కేకు తెస్తామనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. ఐర్లండ్ జెండాలో ఆకుపచ్చ, తెలుపు, నారింజ నిలువు పట్టీలు, అడ్డంగా వేసి కాషాయం పైన పెడితే మార్చిలోనే ఆగస్టు 15 చేసినట్టవుతుంది.

తాగడానికి ఏం పెట్టాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. కరువుకి ముందు ఐర్లండ్ పేదింటి భోజనమే దుంపలూ మజ్జిగా. ఉప్పు ఒక్కటి వేసి, కరివేపాకు, పచ్చిమిర్చి లేకుండా పెద్ద క్యాన్ నిండా పెట్టండి, బెజవాడ మార్చికి అంతకన్నా ఏం కావాలి.

ప్రశ్న: ఐరిష్ కాఫీ పెడితే ఎలా ఉంటుంది? మా ఫ్లోర్‌లో కాఫీ మెషీన్ ఉంది.
– బెంజ్ సర్కిల్ నుంచి ఒక అభిమాని

జవాబు: ఉద్యోగం మీద ఆశ ఉందా లేదా? ఐరిష్ కాఫీ అంటే అందులో విస్కీ ఉంటుంది. 1940లలో ఐర్లండ్‌లోని ఫోయిన్స్ అనే ఊళ్ళో సీప్లేన్ దిగి చలికి వణుకుతున్న ప్రయాణికులకి ఒక వంటాయన కాఫీలో విస్కీ పోసి పైన మీగడ వేసి ఇచ్చాడని చెబుతారు. బెజవాడలో వణుకు ఎక్కడిది? ఐర్లండ్ ఇళ్ళల్లో పొద్దస్తమానం తాగేది పాలు పోసిన స్ట్రాంగ్ టీ. ఆఫీసు కింద టీ కొట్టాయనకి ముందురోజే చెప్పి ఒక ఫ్లాస్కు నిండా అల్లం, యాలకులు లేకుండా పెట్టించుకోండి. ఏమీ వెయ్యొద్దా అని ఆయన రెండుసార్లు అడుగుతాడు, వెయ్యొద్దనే చెప్పండి.